చప్పుడు లేని రొట్టెలు

మా దిక్కు ఒక ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలుసుకోవాలంటే తలుపు తట్టనక్కర్లేదు. పొద్దుగూకే వేళ గోడ పక్కన నిలబడి రొట్టెల చప్పుడు వింటే చాలు. జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో కొడుతుంటే టపటపమని మొదలవుతుంది, రొట్టె పెంక మీదికి పోగానే ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఎన్నిసార్లు ఆగితే అన్ని రొట్టెలు. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాం అలిగి ఒకరు పస్తు పడుకుంటున్నారో ఆ చప్పుడే చెప్పేస్తుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త ఎల్లవ్వ వాకిట్లో కూర్చుని, "పక్కింట్ల ఇయ్యాల రెండు తక్కువైనయి, మొగనికి జరమొచ్చింది కావచ్చు" అనేది. తెల్లారి చూస్తే నిజమే అయ్యేది.

నాకు జబ్బు చేసింది ఈ చప్పుడు వల్లే.

ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మొన్న మా వాడకట్టులో ఒక చిన్నది కాన్పు తర్వాత నిద్రపోవడం మానేసింది. తనలో తాను మాట్లాడుకుంటోందని ఆమె మామ కొట్టంలోంచి తలుగు తెచ్చాడు. దూడను గుంజకు కట్టే తాడది. దాన్ని చూడగానే నా ఎడమ కాలి చీలమండ చురుక్కుమంది. నేను పోయి నాలుగు మాటలు చెప్పాను. సగం విన్నారు, సగం నవ్వారు. "అవునమ్మా, నీకు అనుభవముంది గదా" అన్నాడు ఆ మామ. అనుభవం ఉంది కాబట్టే చెబుతున్నాను మహానుభావా అనుకుని ఇంటికొచ్చి ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. నాకు అక్షరాలు మా అన్న నేర్పాడు, బొగ్గుతో గోడ మీద. దస్తూరీ అంతంత మాత్రమే. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా.

దసరా నుంచి మాఘం దాకా

మాది అచ్చంపేట నుంచి అడవి దిక్కు పోతే వచ్చే ఊరు. గొర్లున్నాయి, కొంచెం జొన్న చేను ఉంది. ఇంట్లో నలుగురం. మా అత్త, నా పెనిమిటి బాలయ్య, నేను లచ్చమ్మను, మూడేళ్ళ మా బిడ్డ సత్తి. పూటకు ఆరు రొట్టెలు.

మా అన్న యాదగిరి రజాకార్ల కాలంలో నిజాము మీద పోరాడే సంఘంలో కలిశాడు. యూనియన్ సైన్యాలు వచ్చి రజాకార్లు పారిపోయిన వారం ఊరంతా దీపాలు పెట్టుకున్నాం. అన్న ఇంటికొస్తాడని నేను ఒక కోడిని కూడా ఎంచి పెట్టుకున్నాను. కోడి బతికిపోయింది, అన్న రాలేదు. సంఘం వాళ్ళు తుపాకులు దించలేదు, కొత్త సర్కారు వాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా బతుకు. దసరా పోయాక మా ఊరి పక్కనే మిలిటరీ క్యాంపు దిగింది. అన్న నల్లమల అంచున ఒక దొన పక్కన, బండల సందులో ఉంటున్నాడు. గుట్టల్లో రాతి గుంటలో నీళ్ళు నిలిస్తే దాన్ని దొన అంటాం. గొర్లు కాసే నా పెనిమిటికే ఆ సంగతి మొదట తెలిసింది.

రోజు మార్చి రోజు అన్నకు మూడు రొట్టెలు పోవాలి. గొర్లతో పోయే మనిషి సద్ది కట్టుకుపోవడం కొత్త కాదు కాబట్టి మోసుకుపోవడం కష్టం కాలేదు. చెయ్యడమే కష్టం. ఆరు చప్పుళ్ళ ఇంట్లో తొమ్మిది వినిపిస్తే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే క్యాంపుకు తెలుస్తుంది. గోడలకు చెవులుంటాయని ఊరికే అనలేదు పెద్దలు.

అందుకని చప్పుడు లేకుండా రొట్టె చెయ్యడం నేర్చుకున్నాను. పీట కింద తడిగుడ్డ పరిచి, అరచేత్తో కొట్టకుండా వేళ్ళతో నొక్కుకుంటూ, నడుమ నుంచి అంచులకు జరుపుకుంటూ పోవాలి. ఆరు రొట్టెలు మామూలుగా, మూడు మూగగా. మూగ రొట్టెలు మందంగా వచ్చేవి, అంచులు పగిలేవి. "మా చెల్లె రొట్టెలు పంపిందా, పాత చెప్పుల అడుగులు పంపిందా?" అని అన్న నా పెనిమిటితో అన్నాడట. ఆ మాట విని పొయ్యి ముందు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మాఘంలో అన్నకు చలిజ్వరం పట్టుకుంది. పది రోజులు రొట్టె మింగలేదు, గంజి పంపాం. పదకొండో రోజు నా పెనిమిటి వచ్చి, "జరం దిగింది. ఆకలైతాందట" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. సత్తి నా వీపెక్కి ఊగుతోంది, నేను దాంతో మాట్లాడుతూ రొట్టెలు చేశాను. తొమ్మిదో రొట్టె పెంక మీద వేశాక చూసుకుంటే పీట కింద గుడ్డ లేదు. తొమ్మిదీ టపటపమన్నాయి. ఎన్నో రోజులకు సంతోషంగా ఉన్నాను, నా తప్పు అంతే.

ఎవరు లెక్కపెట్టారో నాకిప్పటికీ తెలియదు. తెల్లారి క్యాంపు మనుషులొచ్చి నా పెనిమిటిని తీసుకుపోయారు. రెండు రోజుల తర్వాత వదిలారు. అరికాళ్ళు నేల మీద పెట్టలేకపోయాడు. "చుట్టాలొచ్చిన్రని చెప్పిన, ఏ చుట్టాలని అడిగిన్రు, వాళ్ళు పోయిన్రని చెప్పిన" అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. మా అత్త ఆముదం కాచి కొడుకు కాళ్ళకు రాసింది. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

శివరాత్రి నుంచి ఉగాది దాకా

మొదట నిద్ర పోయింది. ఎవరింట్లో రొట్టె చప్పుడు మొదలైనా నాకది బూట్ల చప్పుడై వినపడేది. గోడలో సందులన్నీ పేడతో పూశాను. మా అత్త "పండుగకు అలుకుతాంది" అని ఇరుగు పొరుగుకు చెప్పింది. తర్వాత మాట్లాడటం మానేశాను. నోరు తెరిస్తే అన్న పేరు జారుతుందని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అన్నం కోసం నోరు తెరిచినా పేరు జారుతుందనుకుని తిండీ మానేశాను. చేతులు మాత్రం ఆగలేదు. ఒళ్ళో, చాప మీద, సత్తి వీపు మీద కూడా వేళ్ళతో నొక్కుతూ రొట్టెలు చేస్తూనే ఉన్నాను, చప్పుడు లేకుండా. నా బిడ్డ నన్ను చూసి వాళ్ళ నాయినమ్మ వెనక దాక్కోవడం మొదలుపెట్టింది. ఈ జబ్బులో నాకు అన్నిటికంటే కడుపులో మంట పెట్టింది అదే, ఇప్పటికీ అదే.

కొన్నాళ్ళకు నోరు దానంతటదే తెరుచుకుంది. ఆపుకోలేకుండా మాట్లాడేదాన్నట, నాకు సగమే గుర్తు. రెండుసార్లు క్యాంపు దిక్కు పరిగెత్తానట. మా ఆయన నన్ను తలుగుతో గుంజకు కట్టేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. కట్టేటప్పుడు ఏడ్చాడు. తాడు కింద తన రుమాలు చుట్టాడు, ఒరుసుకుపోకుండా. అయినా ఒరుసుకుపోయింది.

ఆలంపూరు జోగులాంబ దగ్గరికి తీసుకుపోయారు. మూడు పొద్దులు గుడి ముందు పడుకున్నాను. అక్కడ పూలమ్ముకునే ఒక ముసలామె నా కాలి పుండుకు పసుపు అద్దుతూ మా అత్తతో, "అమ్మకు మొక్కుకున్నరు, మంచిదే. ఇగ దవాఖానకు గూడ తోల్కపోన్రి. అమ్మ ఏమనుకోదు" అంది. ఆమె పేరు కూడా అడగలేదు మేము.

పాలమూరు వైపు ఒక దవాఖానకు పోయాం. దాని పేరు రాయను. వెనక భాగంలో మతి చెదిరినవాళ్ళకు ఒక వార్డు ఉండేది. పిచ్చిదని చెప్పగానే లోపలికి తోసేస్తారనుకున్నాం. అలా కాదట. డాక్టరు చూడాలి, ఇంటి మనిషి వేలిముద్ర వెయ్యాలి, పై అధికారి సంతకం రావాలి. ఆ సంతకం కోసం రెండు రోజులు వరండాలో కూర్చున్నాం. మా అత్త, ఆయన అక్కడే తిట్టుకున్నారు. "నీ బామ్మర్ది కోసం నా కోడలు గిట్లయింది" అని ఆమె, "జర మెల్లగ మాట్లాడవే అవ్వా" అని ఆయన. పక్కన నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు తన తల్లిని తెచ్చుకున్నాడు. అతను ఏమీ విననట్టు మొహం పెట్టి, మూటలోంచి ఉల్లిగడ్డ తీసి మాకు సగం ఇచ్చాడు. ఏ కథ ఎవరి చెవిన పడితే ఏమవుతుందో తెలిసిన కాలం అది.

మూడో రోజు పొద్దున సంతకం వచ్చింది. తెల్లచీర కట్టుకున్న ఒకామె వరండాలోకి వచ్చి నా ముందు కింద కూర్చుంది. నా కాలికి తలుగు ఇంకా ఉంది.

"నా పేరు రూతమ్మ. గీడ సిస్టరును. మాది జడ్చర్ల పక్కన. నీ కాలికున్న తాడు ఇప్పుదామనుకుంటున్న. ఇప్పనా?"

రెండు నెలల్లో నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె ఎదురుచూసింది. చివరికి కాలు కొంచెం ముందుకు జరిపాను. ఆమె ముడి విప్పి, తాడును చుట్ట చుట్టి మా ఆయన చేతిలో పెట్టి, "గిది దూడకు పనికొస్తది, ఇంటికి తీస్కపోండి" అంది. ఆయన తల దించుకుని తీసుకున్నాడు.

చైత్రం, వైశాఖం

ఆ వార్డులో పన్నెండుమందిమి. స్వర్గమేమీ కాదు. నల్లులుండేవి, ఎండకు రేకులు కాలేవి, ఒక ఆయా నోరు మహా చెడ్డది. మొదటి వారంలో నేను బావి దిక్కు పరిగెత్తాను, పట్టుకొచ్చి మంచానికి కట్టేశారు. ఇంట్లోనూ కట్టేశారు, ఇక్కడా కట్టేశారు, ఏముంది తేడా అని మీరడగొచ్చు. తేడా ఉంది. ఆయా తాడు తెస్తుంటే రూతమ్మ ఆపింది. "డాక్టరు సాబు రాసినంకనే. ఎంతసేపో గూడ రాయాలె" అంది. ఆయన వచ్చి చూసి రాశాక మెత్తటి గుడ్డతో చేతులు మాత్రమే కట్టింది. కట్టి వెళ్ళిపోలేదు. పక్కన కూర్చుని, "పొద్దు ఆ కిటికీల నుంచి దిగినంక ఇప్పేస్త" అని చెప్పింది. పొద్దు దిగింది, ఇప్పేసింది. చెప్పిన మాట చెప్పినట్టు జరగడం నాకు అప్పటికి కొత్త.

మందు నేను మింగేదాన్ని కాదు. మా ఆయన వారానికోసారి వచ్చేవాడు. "అమ్మా, పప్పుల కలిపి పెట్టరాదు? దానికేం తెలుస్తది" అన్నాడు ఒకసారి. "దొంగతనంగ కలిపితే మందుతో పాటు అన్నం మీద గూడ నమ్మకం పోతది. అడిగే ఇస్త. ఇయ్యాల వద్దంటే రేపు అడుగుత" అంది రూతమ్మ. ఇంకో వారం ఆయన ఒక కోడిపుంజును చంకన పెట్టుకొచ్చాడు. "ఆమె గీడున్నన్ని దినాలు మీ చేతిది ఏదీ తీసుకోను బాలయ్యా. తప్పు అది" అని వెనక్కి పంపింది. అదే కోడి అనుకుంటా, దసరా నుంచి తప్పించుకుంటూ వస్తోంది.

వేళ్ళతో నేను నొక్కుతుంటే ఆమె చాలాసేపు చూసింది ఒకరోజు. "రొట్టెలు చేస్తున్నవా? చప్పుడేది మరి?" అని అడిగింది. ఆ ఆయా ఎన్నోసార్లు చూసి చేతులు వణుకుతున్నాయనుకుంది. జొన్న రొట్టె తిని పెరిగిన మనిషి కాబట్టి రూతమ్మకు తెలిసింది. నేను వేలు నోటి మీద పెట్టి ష్ అన్నాను. ఆమె కూడా వేలు నోటి మీద పెట్టుకుంది. అంతే, ఇంకేమీ అడగలేదు. పోయి తన పుస్తకంలో ఏదో రాసుకుంది.

ఆ పుస్తకమంటేనే నాకు భయం. ప్రతి రోగికి ఒక పేజీ. రోజూ ఏదో రాసేది. ఈలోగా ఊళ్ళో మా అత్త నోరు జారింది. "నా కోడలు పిచ్చిల అన్నీ చెప్పుకుంటాంది, ఎవరి పేర్లో చెప్తాంది" అని బావి దగ్గర ఏడ్చింది. పాపం, కోడలి బాధ చెప్పుకుంటున్నాననుకుంది. వారం తిరగకుండా క్యాంపు జమేదారు దవాఖానకొచ్చాడు.

అప్పటికి నా మతి మబ్బుల్లో ఎండలా వచ్చిపోతోంది. ఆ పొద్దున వచ్చే ఉంది. వరండాలో మాటలు కిటికీలోంచి స్పష్టంగా వినపడ్డాయి.

"గీడ లచ్చమ్మ అనే పిచ్చిది ఉన్నదట గదా. అది చెప్పేటియి మీరు రాస్తరట. గా పుస్తకం ఇటియ్యి."

"గీడ పిచ్చోళ్ళు లేరు సాబ్. రోగులున్నరు. పుస్తకం రోగుల వైద్యానికి రాసేది. ఇచ్చే హక్కు నాకు లేదు."

"సర్కారు కొలువు చేస్తున్నవు, సర్కారుకే ఇయ్యనంటవా?"

"సర్కారు కోర్టు నుంచే కాయితం తెండి. డాక్టరు సాబు చదివి ఏం చెయ్యాల్నో ఆయన చెప్తడు."

"సరే, పుస్తకం వద్దు. నోటితోని చెప్పు. ఏమన్నది? ఎవని పేరన్న అన్నదా?"

"అన్నదని చెప్ప, అనలేదని చెప్ప."

"పిచ్చిదాని మాటకు ఇంత కాపలానా?"

"బాగున్నోని మాట వాడే దాచుకుంటడు సాబ్. మతి చెదిరినామె మాట ఎవరు దాయాలె? గందుకే నన్ను గీడ పెట్టిన్రు."

జమేదారు ఏవో బెదిరింపులు చేసి, మళ్ళీ వస్తానని పోయాడు. రూతమ్మ లోపలికొచ్చి పుస్తకాన్ని అల్మారాలో పెట్టి తాళం వేసింది. కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. చెంబు పళ్ళకు తగిలి టకటకమంది.

నేను మంచం దిగి ఆమె కొంగు పట్టుకున్నాను. "గా పుస్తకంల నా పేజీ చింపు."

"చింపను లచ్చమ్మా."

"కాలబెట్టు."

"కాలబెట్టను. రాసింది చింపే చెయ్యి రేపు రాయనిది గూడ రాస్తది. గప్పుడు నిన్నెవరు నమ్ముతరు, నన్నెవరు నమ్ముతరు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడికి ఇవ్వదు, నా కోసం చింపదు, ఈమెకు పుస్తకమే దేవుడా అనిపించింది. మంచం పక్కనున్న గంజి గిన్నె తీసి ఆమె మీదికి విసిరాను. భుజానికి తగిలింది. ఆయా తాడు కోసం లేచింది. "అక్కర్లేదు, అయిపోయింది ఆమె కోపం" అని రూతమ్మ చీర మార్చుకోవడానికి పోయింది. వచ్చాక అల్మారా తాళం తీసి పుస్తకంలో మళ్ళీ ఏదో రాసింది. అప్పుడు నాకున్న కోపానికి ఇంకో గిన్నె దొరక్కపోవడం ఆమె అదృష్టం.

జ్యేష్ఠం

రూతమ్మ రోజూ అడుగుతుంటే చివరికి మందు మింగడానికి ఒప్పుకున్నాను. మందే పని చేసిందో, రోజులే గడిచాయో, మెల్లమెల్లగా నిద్ర రావడం మొదలైంది. మతి తేటపడే కొద్దీ ఒక్కటే ప్రశ్న మిగిలింది. నేను అన్న పేరు చెప్పానా? చెబితే అన్న ఉన్నాడా? మా ఆయన వచ్చినప్పుడల్లా, "ఉన్నడు, మంచిగున్నడు, నువ్వేం చెప్పలె" అనేవాడు. నమ్మలేదు. ఆయాను అడిగాను. "ఏం చెప్పలేదు పో" అంది. పక్క మంచం అవ్వ కూడా "ఏం చెప్పలె బిడ్డా" అంది, ఆమెకు చెవులే వినపడవు. అందరూ అంత తొందరగా లేదు లేదంటుంటే, అబద్ధం కాకపోతే ఇంత తొందరెందుకు అనిపించేది. మళ్ళీ నిద్ర చెడింది.

"నాకు నయమైంది, ఇంటికి పంపు" అన్నాను రూతమ్మతో.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నదట ఎనకటికి ఒకామె" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఏం పీకుతాంది నిన్ను?" అంది.

అడిగాను. ఆమె వెంటనే లేదనలేదు. "రెండు దినాలు ఆగు. డాక్టరు సాబును అడిగి చెప్త. చెప్తే మాత్రం నిజమే చెప్త" అంది. ఆ రెండు రోజులు వరండాలో సంతకం కోసం కూర్చున్న రెండు రోజులకంటే పెద్దవి.

మూడో రోజు మధ్యాహ్నం నన్ను వార్డు వెనక వేపచెట్టు నీడకు తీసుకుపోయింది. పుస్తకం వెంట తెచ్చింది.

"చెప్పినవు లచ్చమ్మా" అంది. "వచ్చిన అయిదో దినం. పేరు చెప్పినవు, జాగ గూడ చెప్పినవు."

గబుక్కున అడిగాను. "ఎవరికి?"

"నాకు."

"నువ్వు ఎవరికి?"

"ఎవరికి లేదు. నా దగ్గరనే ఆగింది."

ఏడుపొచ్చింది. నెలలుగా నన్ను తరుముతున్న భయం నిజమైపోయింది, నిజమైనా ఏమీ కాలేదు. నేను జారవిడిచిన దాన్ని ఒక మనిషి దోసిలి పట్టి అందుకుంది. అది తెలిశాక ఇంకేం జారుతుందని భయపడాలి?

"చూస్తవా నీ పేజీ? నీది నువ్వు చూసుకోవచ్చని డాక్టరు సాబు అన్నడు" అని పుస్తకం తెరిచింది. పక్క పేజీ మీద తన అరచెయ్యి పరిచి మూసింది. అది వేరే రోగిదట. నా పేజీలో అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఎన్ని గంటలు పడుకున్నాను, ఏం తిన్నాను, మందు ఎప్పుడు వద్దన్నాను. ఒకచోట, "వేళ్ళతో రొట్టె చేస్తున్నది. చప్పుడు రానివ్వడం లేదు. భయం." ఇంకోచోట, "గంజి గిన్నె విసిరింది. కోపానికి కారణం ఉన్నది." పేరు లేదు. దొన లేదు. అన్న లేడు.

"గీండ్ల ఏం లేదు గదా! మరి గా జమేదారు మొహాన కొట్టరాదు? నువ్వెందుకు తిట్లు పడ్డవు?" అన్నాను.

"రోగానికి పనికొచ్చేదే రాస్త. మిగిలింది రాసే పని నాది కాదు. నీ పేజీల ఏం లేదని నాకు తెలుసు" అంది పుస్తకం మూస్తూ. "గీ పుస్తకంల ఇంకా పదకొండు మంది ఉన్నరు లచ్చమ్మా. నీ కోసం తెరిస్తే వాళ్ళందరియి తెరిచినట్టే."

ఆ రోజు నుంచి నిద్రపోయాను. జమేదారు మళ్ళీ రాలేదు, కోర్టు కాయితం దొరకలేదో, క్యాంపు మారిందో. రూతమ్మను మాత్రం ఆఫీసులో నిలబెట్టి గట్టిగానే మాట్లాడారని ఆయా చెప్పింది. ఆమె ఆ సంగతి నాతో ఎన్నడూ అనలేదు.

మృగశిర కార్తె వచ్చింది, మొదటి వాన పడింది. డాక్టరును అడిగి రూతమ్మ నన్ను వంటపాకలోకి తీసుకుపోయింది. జొన్నపిండి, వేడినీళ్ళు, పీట. నేను ముద్ద చేసి, అలవాటుగా గుడ్డ కోసం వెతికాను. ఆమె గుడ్డ ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. ముద్దను పీట మీద పెట్టాను. తర్వాత చెయ్యెత్తి ఒక్కటి కొట్టాను. టప్పుమంది. బయటికి చూశాను. ఎవరూ రాలేదు. ఇంకొకటి కొట్టాను. ఆ తర్వాత పన్నెండు రొట్టెలు, పన్నెండూ వార్డంతా వినపడేలా చేశాను. చెవులు వినపడని అవ్వ కూడా లేచొచ్చి, "ఏందే గీ లొల్లి, నాకొకటియ్యి" అంది.

ఇంటికొచ్చాక

ఇంటికి రాగానే బాగైపోయిందని రాయను. సత్తి నా దగ్గరికి రావడానికి నెల పట్టింది. దాన్ని బలవంతంగా పిలవలేదు. రూతమ్మ నా విషయంలో ఆగినట్టే నేనూ ఆగాను. ఒకరోజు పిండి ముద్ద ఒకటి తీసుకుని నా పక్కన కూర్చుని తానూ కొట్టడం మొదలుపెట్టింది. మా అత్త బావి దగ్గర తానన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా నోటి మీద కొట్టుకునేది. "ఇగ చాలు అత్తా, నువ్వు గిట్ల చేస్తే నిన్ను తోల్కపోవాలె గక్కడికి" అంటే నవ్వేది. మా ఆయన ఆ తలుగును మళ్ళీ వాడలేదు. దూడకు కొత్తది పేనాడు.

ఆ తర్వాత కూడా రెండుసార్లు నిద్ర చెడింది. దాచుకోలేదు, పోయి మందు తెచ్చుకున్నాను. నాలాంటిది మీ ఇంట్లో ఉంటే తాడు వెతక్కండి. ఆమెను ఏదైనా ఒకటి అడిగి, జవాబు కోసం ఆగండి. ఆమె నోటి నుంచి వచ్చింది బావి దగ్గరికి మోసుకుపోకండి. నాకు తెలిసిన వైద్యం అంతే, మిగతాది డాక్టర్లకు తెలుసు.

పోరాటం ఆపేశారని తెలిశాక అన్న బయటికొచ్చాడు, కొంతకాలం జైల్లో ఉన్నాడు, తర్వాత విడిచిపెట్టారు. ఇంటికొచ్చిన పూట నేను రొట్టెలు చేస్తున్నాను. వాకిట్లోకి వస్తూనే, "గల్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంట వచ్చిన. తొమ్మిది. నాకు మూడు ఉన్నయి" అన్నాడు. తింటుంటే చెప్పేశాను. "అన్నా, నేను నీ పేరు చెప్పిన. దొన సంగతి గూడ చెప్పిన." ఎవరికి, ఎలా, అంతా చెప్పాను. అన్న చేతిలోని రొట్టెను పళ్ళెంలో పెట్టాడు. తర్వాత, "రేపు ఇంకో మూడు చెయ్యి. పాలమూరు పోదాం" అన్నాడు.

గుడ్డలో కట్టుకుని పోయాం. రూతమ్మ అదే వరండాలో ఉంది, కణతల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. మూట ముందు పెట్టాను. "ఇప్పుడు నేను నీ రోగిని కాను. తినొచ్చు గదా?" అన్నాను. "ఇప్పుడు తినొచ్చు" అని అక్కడే మెట్టు మీద కూర్చుని ఒక రొట్టె తుంచుకుంది. "పలుచగ చేసినవే" అంది. మా అన్న కొంచెం దూరంగా, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఈయన మా అన్న సిస్టరమ్మా" అన్నాను.

ఆమె తలెత్తి మా అన్నను చూసింది. ఏ ఊరివాడో తెలియని కొత్త మనిషిని చూసినట్టే చూసింది.

"అట్లనా? కూసో నాయినా" అని మెట్టు మీద చోటిచ్చింది. "నీ పేరేంది?"